చక్రవర్తికి పనిలేకుండా చేసిన ఆట

మొన్నామధ్య వరసగా మూడ్రోజులు సెలవులొచ్చాయి. ఊరెళ్దామంటే తత్కాల్‌లో కూడా టికెట్ దొరకలేదు. ఇక చేసేదేముంది! ఎప్పుడో తక్కువ ధరకి వస్తున్నాయని కొని, తెరవకుండా పడేసిన మూడు పాత ఆటల దుమ్ము దులిపాను. మాస్టర్ ఆఫ్ ఓరియన్ ఒకటి, రెండు, మూడు. మొదటిది 1993లో వచ్చింది, రెండోది 1996లో, మూడోది 2003లో. మొదటి రెండూ వచ్చేనాటికి నేనింకా పుట్టనే లేదు. కాబట్టి "మా రోజుల్లో ఆటలంటేనా..." అని నిట్టూర్చే జబ్బు నాకు లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మొదటిరోజు ఒకటోది, రెండోరోజు రెండోది, మూడోరోజు మూడోది. మొదటి రెండూ నాకు నిద్ర లేకుండా చేశాయి. మూడోది ఆడుతూ, మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నవాణ్ణి, మౌస్ మీద చెయ్యి ఉండగానే కునుకు తీశాను.

ఇందులో కొత్తేముంది, మూడోది బాలేదని ఇరవయ్యేళ్ళ నించీ అందరూ అంటున్నదేగా అంటారా? నిజమే. ఎవర్నడిగినా "అది ఆట కాదు, ఎక్సెల్ షీటు" అనేసి ఊరుకుంటారు. నాకు మాత్రం ఆ తీర్పు సరిపోలేదు. ఎందుకంటే మూడోదాన్ని తయారు చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. రెండోదానిలో ఉన్న అసలు జబ్బేమిటో వాళ్ళు సరిగ్గానే పట్టుకున్నారు. మందు కూడా ఆలోచించారు. మరి రోగి ఎలా పోయాడు? దాని గురించే ఈ గొడవంతా. మన సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళకి బాగా తెలిసిన కథే ఇది, కాకపోతే గ్రహాలూ నక్షత్రాలూ ఉన్నాయి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ ఆటలో మీరొక జాతికి చక్రవర్తి. చేతిలో ఒక గ్రహం, ఒకట్రెండు నౌకలు. పక్క నక్షత్రాలకి మనుషుల్ని పంపి కాలనీలు పెట్టాలి, ఫ్యాక్టరీలు కట్టాలి, కొత్త టెక్నాలజీ కనిపెట్టాలి, పక్క చక్రవర్తులతో స్నేహమో యుద్ధమో తేల్చుకోవాలి. చదరంగంలోలా వంతులవారీగా సాగుతుంది. ఈ తరహా ఆటల్ని "ఫోర్ ఎక్స్" అంటారు. ఎక్స్‌ప్లోర్, ఎక్స్‌పాండ్, ఎక్స్‌ప్లాయిట్, ఎక్స్‌టర్మినేట్. ఈ పేరు పుట్టిందే మాస్టర్ ఆఫ్ ఓరియన్ గురించి రాసిన వ్యాసంలో. 1993 సెప్టెంబరు కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ పత్రికలో అలాన్ ఎమ్రిచ్ అనే విలేఖరి ఈ ఆటని పరిచయం చేస్తూ సరదాగా "ఎక్స్ ఎక్స్ ఎక్స్ ఎక్స్" అని రేటింగ్ ఇచ్చాడు. ఆ సరదా మాటే ఒక జానర్‌కి పేరైపోయింది. ఈ ఎమ్రిచ్ గారిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ముందు ఒకటో ఆట సంగతి. దీన్ని చేసింది స్టీవ్ బార్సియా నడిపిన సింటెక్స్ అనే చిన్న కంపెనీ. అమ్మింది మైక్రోప్రోస్, అంటే 1991లో సివిలైజేషన్ తెచ్చిన కంపెనీ. దీనికి ముందు బార్సియా స్టార్ లార్డ్స్ అని ఒక ముడి ఆట చేసి మైక్రోప్రోస్‌కీ, ఎమ్రిచ్‌కీ చూపించాడు. ఎమ్రిచ్, అతని మిత్రుడు టామ్ హ్యూజ్ ఇద్దరూ దాన్ని ఆడి, ఇది బాగుంది, అది బాలేదు, ఇక్కడ ఇలా చెయ్యి అని సలహాలిచ్చారు. ఆ సానబెట్టుడులోంచే మాస్టర్ ఆఫ్ ఓరియన్ వచ్చింది. ఆట మాన్యువల్లో వాళ్ళిద్దరికీ కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. తర్వాత వాళ్ళిద్దరూ ఆ ఆటకి స్ట్రాటజీ గైడు కూడా రాశారు.

ఒకటో ఆటని ఇవాళ తెరిస్తే మొదట "ఇంతేనా?" అనిపిస్తుంది. ఒక నక్షత్రానికి మహా అయితే ఒక్క గ్రహం. ఆ గ్రహం మొత్తాన్నీ నడపడానికి అయిదంటే అయిదు స్లైడర్లు. నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన. ఒకటి పెంచితే మిగతావి తగ్గుతాయి. అంతే. ఏ ఊళ్ళో ఏ భవనం కట్టాలి, ఎవరు పొలానికెళ్ళాలి, ఎవరు ఫ్యాక్టరీకెళ్ళాలి అన్న ప్రశ్నే లేదు. అలాగని ఆట సులువా అంటే, కాదు. అయిదు స్థాయిల్లో ఆఖరిదాని పేరే "ఇంపాసిబుల్".

ఇందులో నాకు తెగ నచ్చిన సంగతి నౌకల డిజైన్లు. ఒకేసారి ఆరు డిజైన్లకే చోటు. ఏడోది కావాలంటే ఉన్నవాటిల్లో ఒకటి కొట్టెయ్యాలి. కొట్టేస్తే ఆ రకం నౌకలన్నీ తుక్కే! నలభై పాత నౌకలు ఇంకా సరిహద్దు కాస్తున్నాయి, అటు ప్రయోగశాలలో కొత్త లేజర్ తయారైంది. పాతవాటిని వదులుకోవాలా, ఇంకో పది వంతులు ఆగాలా? నేను ఈ ఒక్క నిర్ణయం మీద పావుగంట కూర్చున్నాను. లెగసీ కోడు ఎప్పుడు పారెయ్యాలో తేల్చుకోలేక మీటింగుల్లో కూర్చున్నట్టే ఉంది, కాకపోతే ఇక్కడ సరదాగా ఉంది.

రెండో సంగతి టెక్నాలజీ. ప్రతి ఆటలోనూ మీ జాతికి కొన్ని టెక్నాలజీలు అసలు దొరకవు. ఏవి దొరకవో ఆట మొదలయ్యాక గానీ తెలియదు. కావాలంటే పక్కవాడి దగ్గర మారకం వెయ్యాలి, లేదా గూఢచారుల్ని పంపి దొంగిలించాలి, లేదా గ్రహాన్నే పట్టుకోవాలి. దాంతో బట్టీ పట్టిన ఎత్తుగడ ఏదీ రెండోసారి పనికిరాదు. అంటే ఒకటో ఆటలో చెయ్యగలిగే పనులు తక్కువ. కానీ చేసే ప్రతి పనికీ బరువుంటుంది. ఈ ముక్క కూడా గుర్తుంచుకోండి.

ఇక రెండోది, బ్యాటిల్ ఎట్ ఆంటారెస్. అదే సింటెక్స్, అదే మైక్రోప్రోస్. మూడేళ్ళలో అంతా పెరిగింది. ఒక నక్షత్రం చుట్టూ అయిదు గ్రహాల దాకా ఉండొచ్చు. జాతులు పది నించి పదమూడయ్యాయి. అవి నచ్చకపోతే పది పాయింట్లు పెట్టి మీకు కావలసిన జాతిని మీరే తయారు చేసుకోవచ్చు. ఒక బలహీనత ఒప్పుకుంటే ఇంకో బలానికి పాయింట్లొస్తాయి. ఎనిమిది మంది దాకా కలిసి ఆడొచ్చు. ఒకటోదానిలో నౌకలు గుట్టలుగా కదిలేవి. ఇందులో ఒక్కో నౌకనీ విడిగా నడపొచ్చు, సైనికుల్ని ఎక్కించి శత్రువు నౌకని పట్టుకోవచ్చు కూడా. మధ్యలో వేరే లోకం నించి ఆంటారన్లు ఊడిపడి దాడి చేస్తుంటారు. వాళ్ళ ఇంటికే వెళ్ళి కొట్టి గెలవడం ఒక దారి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మూడింట్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది రెండోదే. సొంత జాతిని తయారు చెయ్యడం దగ్గరే గంట గడిచిపోయింది. కానీ అయిదు స్లైడర్ల చోట్లోకి ఏమొచ్చిందో చూడండి. జనాభాలో ఒక్కొక్కరినీ రైతుగానో, కార్మికుడిగానో, శాస్త్రవేత్తగానో మీరే పెట్టాలి. తిండి ఒక గ్రహం నించి ఇంకో గ్రహానికి వెళ్ళాలంటే రవాణా నౌకలు కట్టాలి. ప్రతి కాలనీలోనూ ఫ్యాక్టరీ, పరిశోధనశాల, సైనికుల బ్యారక్స్, స్టార్ బేస్... ఒక్కో భవనాన్నీ విడివిడిగా వరసలో పెట్టాలి.

మూడు కాలనీలున్నప్పుడు ఇది భలే ఉంటుంది. పదింటప్పుడు ఫరవాలేదు. ముప్పై దాటాక చూడాలి నా సామిరంగా! కొత్త భవనం ఒకటి కనిపెట్టగానే ముప్పై గ్రహాలకీ వెళ్ళి ముప్పైసార్లు అదే నొక్కాలి. దీనికి ఆటోబిల్డ్ అని ఒక బటన్ ఇచ్చారు. కానీ అది కట్టేవి చూస్తే మనమే చేసుకుంటే నయం అనిపిస్తుంది. ఆట సగానికొచ్చేసరికి గెలుస్తానని మీకు తెలిసిపోతుంది. ఆ గెలుపు దాకా గుమస్తాగిరీ మాత్రం తప్పదు. చక్రవర్తిగా మొదలుపెట్టినవాడు తాసీల్దారు ఆఫీసులో గుమస్తాగా తేలతాడు. ఆటగాళ్ళ భాషలో దీన్నే మైక్రోమేనేజ్‌మెంట్ అంటారు. రెండోదాని జబ్బు అదీ.

1997లో సింటెక్స్ మూతపడింది. 1998లో మైక్రోప్రోస్‌ని హాస్బ్రో ఇంటరాక్టివ్ కొంది. 2001లో హాస్బ్రో ఇంటరాక్టివ్‌ని ఫ్రెంచి కంపెనీ ఇన్ఫోగ్రామ్స్ కొంది. ఇన్ఫోగ్రామ్స్ తర్వాత అటారీ పేరు పెట్టుకుంది. ఇన్ని చేతులు మారినా మాస్టర్ ఆఫ్ ఓరియన్ అన్న పేరుకి మాత్రం విలువ తగ్గలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవాలంటే ఇంతకంటే మంచి చెట్టెక్కడ దొరుకుతుంది! కానీ చెట్టు నాటినవాళ్ళు లేరు. మూడో ఆట పని కాలిఫోర్నియాలోని క్విక్‌సిల్వర్ సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళింది. వాళ్ళు 1999లో స్టార్‌ఫ్లీట్ కమాండ్ చేసినవాళ్ళు, పని తెలిసినవాళ్ళే. డిజైన్ బాధ్యత ఎవరికిచ్చారనుకున్నారు? సాక్షాత్తూ అలాన్ ఎమ్రిచ్‌కి. తోడుగా టామ్ హ్యూజ్.

ఒక్కసారి ఆలోచించండి. ఈ తరహా ఆటలకి పేరు పెట్టినవాడు, ఒకటో ఆటకి సలహాలిచ్చినవాడు, దాని మీద పుస్తకం రాసినవాడు. ఇంతకంటే అర్హుడెవరుంటారు? కాగితం మీద చూస్తే ఇది కల నిజమవడమే. కాకపోతే గట్టు మీద కూర్చుని "అలా కాదు, ఇలా ఈదు" అని చెప్పడం వేరు, నీళ్ళలోకి దిగడం వేరు. గట్టు మీదున్నప్పుడు అవతల బార్సియా ఉండేవాడు. వందలో పది సలహాలు తీసుకుని తొంభై పక్కన పెట్టడం అతని పని. ఇప్పుడు ఆ తొంభైని పక్కన పెట్టేవాడెవడు?

మన రంగంలో దీనికి ఎప్పుడో పేరు పెట్టేశారు. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ద మిథికల్ మ్యాన్-మంత్ పుస్తకంలో "సెకండ్ సిస్టం ఎఫెక్ట్" అన్నాడు. ఒక మనిషి డిజైన్ చేసే మొదటి సిస్టం పొదుపుగా ఉంటుంది, ఎందుకంటే అతనికి భయం ఉంటుంది. అప్పుడు వాయిదా వేసిన ముచ్చటలన్నీ రెండోదాంట్లో కుక్కేస్తాడు. అందుకే రెండోదే ప్రమాదకరమైనది అని ఆయన హెచ్చరిక. ఓరియన్లో చూస్తే లెక్కకి మూడోదే అయినా, పదేళ్ళుగా మనసులో దాచుకున్న ముచ్చటలన్నిటికీ చోటు దొరికింది ఇందులోనే.

అలాగని ఆ ముచ్చటలన్నీ పిచ్చివని అనను. ఎమ్రిచ్ బృందం పట్టుకున్న పాయింటు చాలా గట్టిది. "చక్రవర్తి ప్రతి గ్రహంలోనూ గోడలు కట్టించడేంటి? నిజంగా వంద గ్రహాలున్న రాజు ఏం చేస్తాడు? ప్రతినిధుల్ని పెట్టుకుంటాడు, విధానం చెప్తాడు, ఎక్కడ అవసరమో అక్కడే తను వేలు పెడతాడు." ఇదీ ఆలోచన. అందుకని ప్రతి గ్రహానికీ ఒక వైస్రాయ్‌ని పెట్టారు. ఏం కట్టాలో, దేనికెంత ఖర్చు పెట్టాలో అతనే చూసుకుంటాడు. మీరు "కొత్త కాలనీలన్నిట్లో మొదట ఇది, తర్వాత ఇది" అని అభివృద్ధి ప్రణాళికలు రాసి పెడితే చాలు.

వైస్రాయ్‌లున్నారు సరే, మరి చక్రవర్తి మళ్ళీ అన్నిట్లోనూ వేలుపెట్టకుండా ఆపేదేంటి? దానికే "ఇంపీరియల్ ఫోకస్ పాయింట్లు" అని ఒక ఏర్పాటు ఆలోచించారు. వంతుకి మీ దగ్గర ఇన్ని పాయింట్లే. ఒక గ్రహంలో కలగజేసుకుంటే కొన్ని ఖర్చు, నౌకాదళానికి ఆజ్ఞలిస్తే కొన్ని ఖర్చు. అయిపోతే అంతే, మిగతాదంతా వైస్రాయ్‌ల దయ. అంటే ఈ ఆటలో అసలైన కరెన్సీ డబ్బు కాదు, ధ్యాస. ఇవాళ ఎక్కడ దృష్టి పెట్టాలి, ఏ గ్రహాన్ని దాని ఖర్మానికి వదిలెయ్యాలి అన్నదే ఎత్తుగడ. చదవగానే నేను నిజంగానే చప్పట్లు కొట్టాను. మనందరి రోజువారీ బతుకే కదా ఇది!

కానీ తయారీ మధ్యలో, ఇది ఆడుతుంటే సరదాగా లేదన్న నిర్ణయానికొచ్చి, ఆ పాయింట్లని పీకేశారు. ఎమ్రిచ్ కూడా ఆట పూర్తయ్యేలోపే బయటికెళ్ళిపోయాడు. 2002లో రావాలనుకున్న ఆట 2003 ఫిబ్రవరి ఆఖర్లో బజార్లోకొచ్చింది.

నా మటుకు నాకు, ఆట చచ్చిపోయింది ఇక్కడే. పాయింట్లు తీసేసినందుకు కాదు. పాయింట్లు తీసేసి, వాటి కోసం కట్టినదంతా అలాగే ఉంచేసినందుకు. లిఫ్టు కోసం ఇరవై అంతస్తులు కట్టి, చివర్లో లిఫ్టు వద్దనుకుని, మెట్లు కూడా సరిగ్గా పెట్టకుండా గృహప్రవేశం చేసినట్టుంది. ధ్యాసకి పరిమితి ఉంటేనే వైస్రాయ్ అవసరం. పరిమితి లేనప్పుడు అతను నాకూ నా గ్రహానికీ మధ్య అడ్డంగా నిలబడ్డవాడు మాత్రమే.

పోనీ, అతన్ని కాదని మొత్తం మనమే చూసుకుందామా అంటే, అదీ కుదరదు. తెరలన్నీ వైస్రాయ్ నడుపుతాడన్న నమ్మకంతో చేసినవి. ఒక గ్రహం సంగతి తెలియాలంటే ట్యాబులు తిప్పుకుంటూ పోవాలి. గ్రహాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతానికీ మళ్ళీ ఒక్కో పని. ఇవన్నీ మనిషి కళ్ళకోసం కాదు, ప్రోగ్రాం లెక్కల కోసం ఉన్నట్టుంటాయి. పైగా మీరు కష్టపడి ఒకటి పెడితే వైస్రాయ్ దాన్ని మార్చేస్తాడు! పగలు జమీందారు ముందు తలూపి, రాత్రికి దస్త్రం తనకి నచ్చినట్టు రాసుకునే కరణం గుర్తొచ్చాడు నాకు. ఎందుకు మార్చాడో చెప్పడు. అడిగే చోటు లేదు.

అంచేత ఆటగాడికి రెండు దారులే మిగిలాయి. ఒకటి, ప్రతి వంతులోనూ వైస్రాయ్‌లతో కుస్తీ పట్టడం. రెండు, చేతులు కట్టుకుని "టర్న్" బటన్ నొక్కుతూ పోవడం. రెండో దారిలో పోయినవాళ్ళు ఒక చిత్రం గమనించారు. ఏమీ చెయ్యకుండా బటన్ నొక్కుతూ పోయినా సామ్రాజ్యం దానంతటది ఎదుగుతూనే ఉంటుంది. నేనూ పరీక్షించాను. దాదాపు యాభై వంతులు కాఫీ తాగుతూ నొక్కాను. నా చక్రవర్తిత్వానికి ఢోకా రాలేదు. నేనక్కడ ఉన్నానో లేదో కూడా ఎవరికీ పట్టలేదు. కునుకు పట్టింది ఆ తర్వాతే.

మిగతా లోపాలు చాలానే ఉన్నాయి గానీ అవి గబగబా చెప్పేస్తాను. రాయబారం పిచ్చివాడి చేతిలో రాయి. ఈ వంతులో యుద్ధం ప్రకటించినవాడు పై వంతులో వ్యాపారం చేద్దామంటాడు. యుద్ధాలు వంతులవారీ పద్ధతి నించి నిజసమయానికి మారాయి, తెర మీద చుక్కలు చుక్కల్ని తరుముతుంటాయి. పాత జాతుల్లో డార్లాక్‌లు, బుల్రాతీలు, అల్కారీలు, మ్రషాన్‌లు ఆడటానికి లేకుండా పోయారు. అభిమానులకి ఇది గుండెకోత. ఇవన్నీ ప్యాచ్‌లతో బాగుపడగలిగినవే. కంపెనీ కొన్ని ప్యాచ్‌లిచ్చింది కూడా. ఆట లెక్కలు చాలావరకు మామూలు టెక్స్ట్ పట్టికల్లో ఉండటంతో అభిమానులే కూర్చుని వాటిని దిద్దుకున్నారు. ఎక్సెల్ షీటు అని వెక్కిరించిన ఆటని నిజంగానే స్ప్రెడ్‌షీట్లో తెరిచి బాగుచేశారన్నమాట. కానీ చక్రవర్తికి పని లేకపోవడం అన్నది పట్టికలో ఒక గడి మారిస్తే పోయే బగ్ కాదు.

ఇప్పుడు ఒకటో ఆటని మళ్ళీ చూడండి. ఒక గ్రహానికి అయిదు స్లైడర్లు, ఆరే ఆరు డిజైన్లు. మూడో ఆట వాళ్ళు వెతికిన మందు అక్కడే ఉంది! వంద గ్రహాలున్న చక్రవర్తి గోడలు కట్టించకూడదు అన్నది బార్సియాకి 1993లోనే తెలుసు. కాబట్టి అతను గోడల్నే పెట్టలేదు. ఆటలో చివరికొచ్చేసరికి స్లైడర్లు కూడా విసుగేస్తాయి, కాదనను. కానీ రెండోదానితో పోలిస్తే అది అసలు విసుగే కాదు. రెండో ఆట వివరాలు చేర్చింది, వాటితో పాటు పని పెరిగింది. మూడో ఆట ఆ వివరాల్ని తియ్యలేదు. ఇంకా చేర్చి, వాటిని మొయ్యడానికి కూలీల్ని పెట్టింది. ఆ తర్వాత కూలీలు సరిగ్గా మొయ్యడం లేదని గొడవ.

ధ్యాసకి పరిమితి పెట్టడం ఎమ్రిచ్ ఒక్కడి ఆలోచనే కాదు. ఒకటో ఆటలోనూ పరిమితి ఉంది, కాకపోతే అది రేషన్ కార్డులా కనపడదు. వంటింట్లో సామాను తక్కువుంటే వంట దానంతటదే త్వరగా అవుతుంది. సామానంతా నింపేసి "రోజుకి మూడు గిన్నెలే ముట్టుకోవాలి" అని రూలు పెడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆడి చూసినప్పుడు సరదాగా లేదంటే ఆశ్చర్యమేముంది? చేతికందేలా బొమ్మలన్నీ పెట్టి ముట్టుకోవద్దన్నారు మరి.

ఇది ఒక్క ఆటతో పోయిన గొడవ కాదు. 2016 మేలో పారడాక్స్ వాళ్ళ స్టెలారిస్ వచ్చింది. అందులోనూ మొదట్లో కొన్ని గ్రహాలే నేరుగా మీ చేతిలో ఉంచుకోవచ్చు, మిగతావి సెక్టార్లుగా చేసి ప్రోగ్రాం నడిపే గవర్నర్లకి అప్పజెప్పాలి. పదమూడేళ్ళ తర్వాత అదే రేషన్ కార్డు! ఆటగాళ్ళ గోల కూడా అదే: "నా గ్రహాల్ని వీడు పాడుచేస్తున్నాడు". ఆ పరిమితిని 2018 అప్‌డేట్లలో తీసేశారు. తేడా ఏంటంటే, వాళ్ళు తీసేసినప్పుడు దాని చుట్టూ ఉన్న గ్రహాల నిర్వహణని కూడా కొత్తగా రాసుకున్నారు. లిఫ్టు తీసేసి మెట్లు కట్టారు.

అన్నట్టు, మూడో ఓరియన్ వచ్చిన నెలకే, 2003 మార్చిలో, స్టార్‌డాక్ వాళ్ళ గెలాక్టిక్ సివిలైజేషన్స్ విండోస్‌కి వచ్చింది. చూడ్డానికి దీనంత ఘనంగా ఏమీ ఉండదు. కానీ ఆడేవాడికి చేతినిండా పనుంది, ఎదురుగా ఆలోచించే శత్రువున్నాడు. ఓరియన్ మీద ఆశపెట్టుకుని భంగపడ్డ జనానికి అది మంచి ఓదార్పైంది. ఓరియన్ పేరు మటుకు పదేళ్ళు పడుకుంది. 2013లో అటారీ దివాలా తీసినప్పుడు వార్‌గేమింగ్ ఆ పేరు కొనుక్కుంది. 2016 ఆగస్టులో, అర్జెంటీనాలోని ఎన్‌జీడీ స్టూడియోస్ చేతుల మీదుగా కొత్త మాస్టర్ ఆఫ్ ఓరియన్ తెచ్చింది. అది ఎక్కువగా రెండో ఆట అచ్చులో పోసినదే. మూడోదాన్ని పేరు పెట్టి తల్చుకున్నవాళ్ళు తక్కువ. ఒకటోదాన్ని మాత్రం అభిమానులే ఓపెన్ సోర్సులో తిరగరాశారు. రెమ్నెంట్స్ ఆఫ్ ద ప్రికర్సర్స్ అని, శుభ్రంగా జావాలో! ముప్పై ఏళ్ళ నాటి అయిదు స్లైడర్ల కోసం ఇంకా కోడు రాసే మనుషులున్నారంటే, ఆ డిజైన్లో ఏదో ఉన్నట్టేగా.

ఇంతకీ సెలవుల్లో ఆడిన ఆటల మీద ఇంత పొడుగు ఉపన్యాసం ఎందుకంటే, సెలవైపోయి ఆఫీసుకెళ్ళగానే నాకు మళ్ళీ వైస్రాయే కనపడ్డాడు. ఇప్పుడు మా టీంలో కోడులో మంచి భాగం ఏఐ రాస్తోంది. నేను విధానం చెప్తాను, అది రాస్తుంది, నేను "అప్రూవ్" నొక్కుతాను. మంచిదే, నాకు గుమస్తాగిరీ తగ్గింది. ముప్పై చోట్ల ఒకే మార్పు చెయ్యాల్సిన పనిని అది నిమిషంలో చేసేస్తే సంతోషమే. కానీ ఆవేళ వరసగా పన్నెండోసారి అప్రూవ్ నొక్కాక చెయ్యి ఆగింది. ఇందులో నేను నిజంగా చదివి ఒప్పుకున్నవెన్ని? ఊరికే టర్న్ నొక్కినవెన్ని? లెక్కేస్తే అయిదు చదివాను, ఏడు నొక్కాను. ఏమీ కూలిపోలేదు. సామ్రాజ్యం దానంతటది ఎదుగుతూనే ఉంది. భయమేసింది.

పని అప్పజెప్పడం తప్పు కాదు. అప్పజెప్పినవాడు ఏం చేశాడో, ఎందుకు చేశాడో మనకి కనపడాలి. మనం దిద్దితే ఆ దిద్దుబాటు నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అప్పజెప్పగా మన చేతిలో మిగిలిన పని చెయ్యదగ్గ పనై ఉండాలి. మూడో ఓరియన్ ఈ మూడింట్లోనూ తప్పింది. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఒకటో ఓరియన్ అడిగిన ప్రశ్న: అసలు ఈ పని ఉండాలా? వంద ఫైళ్ళు చకచకా రాసిపెట్టే సహాయకుడు దొరికాడని వంద ఫైళ్ళ డిజైన్ చేసుకుంటే, రేపు వాటిని చదవాల్సింది మనమే. అయిదింటితో అయ్యేదేమో ముందు చూసుకోవాలి కదా.

ఆవేళ మిగిలిన ఏడూ మళ్ళీ తెరిచి చదివాను. ఒకదాంట్లో, నేను పోయిన వారం దిద్దిన షరతుని అది నెమ్మదిగా పాతదానికి మార్చేసింది. కరణం బుద్ధి! సరిచేసి, ఎందుకు మార్చకూడదో పక్కనే రాసి పెట్టాను. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. మూడో ఓరియన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి ఒకటోది తెరిచాను. పాత నౌకలు నలభై ఇంకా సరిహద్దులో కాపలా కాస్తున్నాయి. వాటిని తుక్కు చెయ్యాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు.